మేడిపల్లి మీద నిలిచిన నీళ్లు

నమ్మమని అడగను. కానీ జరిగింది. మేడిపల్లిలో, మా అన్న ఇంటి డాబా మీద... అన్న పోయిన తొమ్మిదో రాత్రి.

నేను జగిత్యాలలో కాలేజీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. ఆ డాబా మీద ఒక ఆంటెనా బిగించాను. మన ఫోన్లకు దారి చూపే ఉపగ్రహాల సంకేతాలే దానికీ వస్తాయి. గాలిలో తేమ ఎక్కువుంటే అవి రవ్వంత ఆలస్యంగా చేరతాయి. ఆ ఆలస్యాన్ని బట్టి మన నెత్తి మీద గాలిలో ఎన్ని నీళ్లున్నాయో లెక్క కట్టవచ్చు. అంతే.

ఇంటి ముందు అన్న పండించిన వడ్లు కుప్ప పోసి ఉన్నాయి. తెల్లవారితే కొనుగోలు సెంటర్‌కు పోవాలి. తడిస్తే తీసుకోరు. వదినకూ ఇద్దరు పిల్లలకూ ఈ ఏడాదికి అవే ఆధారం.

నిద్ర పట్టక లాప్‌టాప్ తెరిచాను. గాలిలో నీళ్ల అంకె పెరుగుతోంది... పెద్ద వాన ముందు ఉండే అంకె. పైకి చూశాను. ఒక్క మబ్బు లేదు. అన్నీ చుక్కలే.

డాబా ఎక్కాను. ఆంటెనాకు ఆనుకొని ఇత్తడి చెంబు. నిండా నీళ్లు. పక్కన లోహం ఉంటే సంకేతం దానికి తగిలి చెదురుతుంది. ఇదా సంగతి, అనుకున్నాను. చెంబు ఎత్తాను.

"తియ్యకు సతీషూ." మెట్ల మీద వదిన. "మీ అన్నకు దూపైతది. ఎండకాలమంత గీడనే పండెటోడు గదా."

"తీస్తలేను వదినా. జర గా మూలకు పెడుతున్న. డబ్బకు అడ్డమైతున్నది."

గంట కూర్చున్నాను. అంకె తగ్గలేదు... ఇంకా పెరిగింది. కోరుట్లలో, సిరిసిల్లలో మిత్రులు పెట్టిన ఆంటెనాల కొలతలూ చూశాను. అక్కడ మామూలే. మా ఇంటి మీదే.

పక్కింటి రాజన్నను లేపాను.

"చుక్కలు గింత తేటగ కనవడుతున్నయ్, వానేడిది సారూ? మీ డబ్బ కల్లు గిట్ల తాగిందా ఏంది?"

అంటూనే టార్పాలిన్ పరదాలు మోశాడు. కుప్పంతా కప్పాం. అంచుల మీద రాళ్లు పెట్టాం. రాజన్న వెళ్లిపోయాక కుప్ప పక్కనే నేను, వదిన.

"కండ్లకు కనవడకుంట గన్ని నీళ్లుంటయా?"

"ఉంటయి వదినా. మనం పీలుస్తనే ఉంటం."

"మరి పడతలేవేంది?"

మళ్లీ పైకి చూశాను. ఆకు కదలడం లేదు. కుక్క మొరగడం లేదు. ఎక్కడో దూరంగా మోటారు చప్పుడు... అదీ ఆగిపోయింది.

తెల్లవారుజామున అంకె పడిపోయింది. అరగంటలో మామూలుకు వచ్చేసింది. వాన పడలేదు. గాలి వీచలేదు. అన్ని నీళ్లు ఎటో పోవాలి కదా...

పొద్దున పరదా ఎత్తాం. రాత్రంతా కప్పిన వడ్ల మీద పరదాకు లోపల చెమట పడుతుంది. ఎప్పుడైనా పడుతుంది. చేయి పెట్టి చూశాను. పొడిగా ఉంది. ఇంకోచోట చూశాను. అక్కడా పొడే.

సెంటర్‌లో ఒక్క మాట లేకుండా వడ్లు తీసుకున్నారు. వచ్చేటప్పుడు ట్రాక్టర్‌లో వదిన, "ఆయనే ఆపిండు" అంది.

పరికరాన్ని రెండుసార్లు విప్పి చూశాను. లోపం దొరకలేదు. చెడిన కొలతలను తీసేయడం మా పద్ధతి. ఆ రాత్రి కొలతలను తీసేయలేదు. సగటులో కలపనూ లేదు. విడిగా ఉంచాను.