నూనె తాగిన జాడీ

మా నాన్న దృష్టిలో ఇంట్లో ఏ వస్తువు మూలిగినా అది ఇంజనే. ఆయన బిలాస్‌పూర్ రైల్వే షెడ్డులో ఫిట్టరు. పొద్దంతా ఇంజన్ల కడుపులో తలపెట్టి పనిచేసి, ఇంటికొచ్చాక అదే తలను మా క్వార్టర్లోని సామాన్లలో దూర్చేవాడు. కుక్కరు సరిగా కూత వెయ్యడం లేదంటే చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. ఒకసారి దాని రబ్బరు సాగిపోయిందని షెడ్డు నుంచి ఏదో నల్ల రబ్బరు కోసి తెచ్చి బిగించాడు. ఆ తర్వాత చాలా రోజులు మా పప్పు టైరు వాసన వేసింది. అమ్మ కుట్టుమిషనుకు గ్రీజు పూస్తే నా పావడా అంచంతా నల్లచారలు పడ్డాయి. "ఇప్పుడెంత మెత్తగా తిరుగుతోందో చూడు," అన్నాడు. తిరగడం మటుకు నిజంగానే తిరిగింది.

అమ్మ ఇవన్నీ సహించింది కానీ, ఒక్క ఆవకాయ జాడీ దగ్గరికి మాత్రం ఆయన్ను రానిచ్చేది కాదు. ఎంత తోమినా ఆయన గోళ్ళ చుట్టూ నల్లగీతలు పోవు మరి. మామిడికాయలు దగ్గర్లోని కోటా సంత నుంచి ప్యాసింజర్లో వచ్చేవి. పప్పునూనె, అదే నువ్వులనూనె, మాత్రం విజయనగరం నుంచే రావాలి. ఊరెళ్ళిన వాళ్ళెవరో ఒకరు డబ్బా మోసుకొచ్చేవారు. ఆ రెండూ ఇంటికి చేరిన రోజు నుంచి అమ్మ మాట మారిపోయేది, నడక మారిపోయేది, మమ్మల్ని చూసే చూపు కూడా మారిపోయేది.

ఆ ఏడాది సరిగ్గా అమ్మ కారం, ఆవపిండి కలుపుకున్న వేళకే విజయనగరం నుంచి కబురొచ్చింది. అమ్మమ్మకు కంటి ఆపరేషన్. చుక్కలు వెయ్యడానికి దగ్గర ఎవరూ లేరు. మేం పుట్టాక అమ్మ ఇల్లు వదిలి నాన్న లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు. వెళ్ళాలని ఆమె కళ్ళలో ఉంది, కాళ్ళు మాత్రం వంటింట్లోంచి కదలడం లేదు.

"ఆవకాయ ఒగ్గీసి ఎలా ఎల్తాను?" అంది.

"నాను ఉన్నాను కదేటి? ఇంజన్లు చూసీవోణ్ణి, జాడీ చూడలేనా?" అన్నాడు నాన్న.

అమ్మ ఆయన వేళ్ళకేసి చూసింది. ఆ చూపులో సమాధానమంతా ఉంది. అయినా అమ్మమ్మ కళ్ళు గుర్తొచ్చి కాబోలు, ముక్కలు, నూనె కలిపి జాడీకెత్తి, మూతపెట్టి గుడ్డ కట్టి, మిగిలిన నూనె డబ్బా పక్కన పెట్టి అప్పగింతలు మొదలుపెట్టింది. "మూడో నాటిదాకా మూత ముట్టుకోకండి. ఆ రోజు తలకి పోసుకుని, పొడి చేత్తో తిరగ్గలపండి. అప్పుడు చూసి, కావలిస్తే నూనె పొయ్యండి. ఇది గానీ పాడయ్యిందో, నాను మరింకెప్పుడూ ఈ గుమ్మం దాటను. ముందే చెప్తన్నాను."

కోపంగా అన్న మాట కాదది. తనకు తాను శిక్ష వేసుకుంటున్నట్టు అంది. నాన్న మొహంలో నవ్వు పోయింది. సాయంత్రం బండికి తమ్ముణ్ణి తీసుకుని అమ్మ వెళ్ళిపోయింది. నాన్నకు వండిపెట్టడానికి నేనుండిపోయాను.

మర్నాడు పొద్దున్న నేను పొయ్యి దగ్గరికి వచ్చేసరికే నాన్న జాడీ ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మూత తీసేసి ఉంది.

"నాన్నా, అమ్మ ముట్టుకోవద్దంది కదా."

"లెవెల్ చూద్దామని తీసేనమ్మా. చూడు, నిన్న పైదాకా ఉన్న నూనె ఏదీ?"

చూశాను. నిజంగానే లేదు. ఎర్రటి పిండి ముద్దలు ముద్దలుగా, ముక్కలు ఎండిపోయినట్టుగా ఉన్నాయి. నాన్న జాడీ అడుగు తడిమాడు, చెయ్యి వాసన చూసుకున్నాడు. పాత పేపరు పరిచి దాని మీద జాడీ పెట్టి డ్యూటీకి వెళ్ళిపోయాడు. షెడ్డులో ఇంజను ఎక్కడ కారుతోందో అలాగే కనిపెడతారట. సాయంత్రం వచ్చి చూస్తే పేపరు మీద చుక్క మరక లేదు.

"లీకేజీ నేదు. అచ్ఛా, అయితే ఇది నూనె తాగుతోంది," అని తేల్చాడు. కొన్ని ఇంజన్లు అలా తాగుతాయట. వాటికి పొయ్యడం తప్ప వేరే వైద్యం లేదట. మిగిలిన పప్పునూనె మొత్తం పోసేశాడు. మరుసటి రోజు చూస్తే అదీ ఇంకిపోయింది. ఇక సైకిలేసుకుని తోర్వా బజారుకు పరిగెత్తాడు. అక్కడ పప్పునూనె దొరకలేదు. షాపతను "అచార్ మే తో యహీ పడ్‌తా హై" అని, అక్కడివాళ్ళు పచ్చళ్ళలో పోసే ఆవనూనె చేతిలో పెట్టాడట. అదీ పోసేశాడు, ఈసారి జాడీ మెడదాకా. "ఇంక ఎండదు," అన్నాడు, చెమట తుడుచుకుంటూ.

ఆ మర్నాడు, అమ్మ వెళ్ళిన మూడో నాడు, మధ్యాహ్నం డ్యూటీ దిగి వచ్చి, తలకి పోసుకుని, కుంకుడు రసంతో వేళ్ళు మంట పుట్టేలా తోముకుని వంటింట్లోకి వెళ్ళాడు. వెళ్ళినవాడు అక్కడే నిలబడిపోయాడు. నేను వెనక నుంచి తొంగి చూశాను.

జాడీకి కట్టిన గుడ్డ ఎర్రగా తడిసి ముద్దయింది. నూనె అంచు దాటి, జాడీ పొట్ట మీదుగా దిగి, పేపరు దాటి, బియ్యం డబ్బా కిందికి పోయి నేలంతా మెరుస్తోంది. నాన్న గుడ్డ విప్పాడు. ఇంకిపోయిన నూనె అంతా పైకొచ్చేసింది. ముక్కలు కింద మునిగి, ఊరి, నిగనిగలాడుతున్నాయి. ఎవరూ కదపలేదు, వేడి తగల్లేదు. మామిడికాయ తనలోని నీళ్ళు వదిలింది, పిండి తను తాగిన నూనెను తిరిగి ఇచ్చేసింది.

నాన్న అక్కడే ఆ నూనెలో కూర్చుండిపోయాడు. "లోపల పంపు నేదు కదే అమ్మా," అన్నాడు మెల్లగా. "ఎలాగొచ్చింది?"

ఒక ఇంజనులో నూనె ఎక్కడ బయల్దేరి ఎక్కడికి చేరుతుందో కళ్ళు మూసుకుని చెప్పగల మనిషి. అలాంటివాడు ఒక జాడీ ముందు నోరు తెరుచుకుని కూర్చున్నాడు. నాకు నవ్వు రాలేదు. ఏటేటా మా వంటింటి మూల, మేం బళ్ళో ఉన్నప్పుడూ నిద్రపోతున్నప్పుడూ ఇదంతా జరుగుతూ వచ్చింది. అమ్మ ఒక్కతే దాన్ని ఎరిగి, దాని మానాన దాన్ని వదిలేసేది. అంత పెద్ద సంగతి తెలిసి కూడా ఆమె ఎప్పుడూ చెప్పుకోలేదు. మూత ముట్టుకోవద్దు అని మాత్రమే అనేది.

నాన్న పొడి చేత్తో అడుగునుంచి పైకి, పసిబిడ్డకు ఒళ్ళు రుద్దుతున్నంత నెమ్మదిగా కలిపాడు. ఎక్కువైన నూనె గిన్నెలోకి తీశాడు. గదంతా ఆవనూనె ఘాటు. "మీ అమ్మ ఇంకెక్కడికీ ఎల్లదేమోనే," అన్నాడు. ఆ తర్వాత తన మీద తనకే నమ్మకం లేక మూతకు పురికొస బిగించి ముళ్ళు వేశాడు.

అమ్మమ్మకు కన్ను కుదుటపడ్డాక అమ్మ వచ్చింది. బండిలో వచ్చిన చీరైనా మార్చుకోకుండా జాడీ దగ్గరికి వెళ్ళింది. ముడి విప్పుతూనే ముక్కు ఎగబీల్చింది. వేడన్నం పెట్టమంది. ఒక ముక్క వేసుకుని కలిపి, ఒక ముద్ద తిని, నములుతూ గోడకేసి చూసింది. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"ఏ నూనె పోసేరు?"

నాన్న ఫోర్‌మన్‌కు రిపోర్టు ఇచ్చినట్టు మొత్తం చెప్పాడు. లెవెలు, పేపరు, తోర్వా, ఆవనూనె, చివరికి నేల కడగడం కూడా. "తాగీస్తందనుకున్నాను," అన్నాడు ఆఖరున.

అమ్మకు పొలమారింది. నీళ్ళు తాగి, నవ్వి, మళ్ళీ నవ్వి, చెంగుతో కళ్ళు ఒత్తుకుంది. "పాడవనేదు. వాసనే వేరు," అంది. ఇంకో ముద్ద కలుపుకుంది. తింటూ తింటూ, మామూలుగా అనేసింది: "అమ్మ రెండో కన్ను వొచ్చే వేసంగిలో చేస్తారంట. అప్పుడూ ఎల్తాను."

అంతకు ముందు ఎక్కడికైనా సరే, "ఎల్లమంటారా?" అని అడిగేదే తప్ప ఎల్తానని అమ్మ చెప్పగా నేను వినలేదు. నాన్న గుమ్మం వదిలి వచ్చి ఆమె గ్లాసులో నీళ్ళు పోశాడు.

"ఎల్లు," అన్నాడు తర్వాత. "ఉన్నన్నాళ్ళు ఉండు."