ముక్కు మీది కోపం

మా కాక చనిపోయాడని మంగళవారం పొద్దున ఫోన్ వచ్చింది. కరోనా. ఇక్కడే, సూరత్ ఆసుపత్రిలో. ఆయన నాకు చుట్టం కాదు. ఈ ఊరి సచిన్ పారిశ్రామికవాడలో పదకొండేళ్లు నా పక్క సాంచెలు నడిపిన మనిషి. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం.

కార్ఖానాలో ఆయన్ని అందరూ ముక్కోపి అనేవాళ్లు. కొందరికి కోపం లోపలెక్కడో కాకుండా ముక్కు మీదే కాపురముంటుందని పెద్దలు పెట్టిన మాట అది. పోగు తెగినా, చాయ్ చల్లారినా కాక ముక్కుపుటాలు ఎగిరేవి. నాకు పోగు ముడి వేయడం నేర్పిందీ ఆయనే, తిట్లతో సహా. ఒకసారి ధైర్యం చేసి ఆ పేరు ఆయనకే చెప్పాను.

“ఎర్కనే రా,” అన్నాడు. “ముక్కు మీది కోపం రెండు ఊపిర్లకు దిగుతది. కడుపుల పెట్టుకుంటడు సూడు, గసొంటోనితోని పైలం.”

సాంచెల మోతలో మాట వినబడదు. పెదవులు చూసి మాట్లాడుకుంటాం. మాస్కులొచ్చాక మేమంతా మూగవాళ్లమయ్యాం. ఏం చెప్పాలన్నా మాస్కు గడ్డం కిందికి లాగాల్సిందే. అది చూస్తే కాకకు ఒళ్లు మండేది, చేతిలోని నూలు కండె పట్టుకుని మీదికొచ్చేవాడు.

అలా ఉండగా ఒకరోజు నాకు జ్వరం వచ్చింది. నాగా పెడితే నా సాంచెలు ఇంకొకరికి ఇస్తారని గోళీ వేసుకుని పనికెళ్లాను. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం, కాక నేస్తున్న బట్టలో పోగు తప్పుతుంటే, దగ్గరికెళ్లి మాస్కు లాగి, మొహంలో మొహం పెట్టి చెప్పాను. నాలుగు రోజులకు ఆయన మంచం పట్టాడు.

నావల్లే వచ్చిందో లేదో ఎవరు చెప్పగలరు? నేనైతే ఆయన కొడుకుతో నా జ్వరం సంగతి ఒప్పుకున్నాను. వాడు తండ్రికి ఫోన్లో చెప్పాడు.

“ఏమన్నడు?” అని అడిగాను.

“ఏం అనలే, అన్నా. సప్పుడు చెయ్యలే.”

ముక్కోపి సప్పుడు చేయకపోవడం! కడుపులో పెట్టుకున్నాడా? రెండు రోజులు అన్నం సహించలేదు.

ఆయన పోవడానికి రెండు రోజుల ముందు, ఆదివారం, వార్డులోని నర్సు వీడియో కాల్ కలిపింది. నేను అమ్రోలిలో నా గదిలో ఒక్కడినే ఉన్నాను, మాస్కు గడ్డం కిందే ఉంది. “కాకా, తప్పయింది,” అన్నాను, ఏడుస్తూ.

ఆయన గొంతు రాలేదు. ఆక్సిజన్ మాస్కు పారదర్శకంగా ఉంది, దాని వెనక పెదవులు కదిలాయి. పదకొండేళ్లుగా చదివిన పెదవులు.

“ముక్కు మీదికి గుంజురా, గాడ్ది!”

ముక్కుపుటాలు ఎగిరాయి. నేను మాస్కు పైకి లాక్కున్నాను. కాక ఒక ఊపిరి తీశాడు, కష్టంగా ఇంకొకటి తీశాడు. ముడిపడిన కనుబొమలు మెల్లగా దిగాయి.