మూఢానికి ముందే కట్టిన ఫీజు

కూరలబండి దగ్గర కొత్తిమీర ఊరికే ఇవ్వలేదని అలిగి వచ్చేసే రకం మా ఆయన. అలాంటాయన గచ్చిబౌలి బ్యాంకులో, హోమ్ లోన్ చూసే ఆఫీసరు పదిహేను వేలు కట్టమనగానే కిక్కురుమనకుండా ఫోను తీశారు. బ్యాంకులో బేరమాడితే పరువు తక్కువట.

నాకు అలాంటి పట్టింపులేం లేవు. "మీరు అప్పివ్వకముందే మేము మీకివ్వడమేంటండీ?" అని అడిగేశాను.

"మా లాయరు కాగితాలు చూస్తడు, ఇంజినీరు పోయి ఇల్లు చూస్తడు మేడం. గా ఖర్చులకే ఈ ఫీజు. లోన్ రాకున్నా వాపస్ రాదు."

"అయితే ముందు కాగితాలు మేమే ఎవరికైనా చూపించుకుని, తర్వాత కడతాం."

అంతలో భీమవరం నుంచి మా అత్తగారి ఫోను. "ఒరేయ్, ఎల్లుండి నుంచి మూఢం. ఇంటి డబ్బులేమన్నా ఉంటే ఈలోగా కట్టేయండి." ఇక నా మాట వినేదెవరు? ఆయన కట్టేశారు.

నిజానికి నేనూ గట్టిగా ఆపలేదు. మేము కొనాలనుకున్న ఫ్లాటు బాచుపల్లిలో, ఆరో అంతస్తులో. వంటింటికి తూర్పున పెద్ద కిటికీ. కొండాపూర్ అద్దెకొంపలో పట్టపగలే లైటేసుకుని బియ్యం ఏరుకునే నాకు దాన్ని చూడగానే మతిపోయింది. స్టవ్వెక్కడో, గ్రైండరెక్కడో మనసులోనే సర్దేసుకున్నాను.

వారం తిరక్కుండానే ఆఫీసరు ఫోను చేశాడు. "మా ఇంజినీరు చూసొచ్చిండు మేడం. పర్మిషన్ ఐదంతస్తులకే ఉన్నది. మీ ఫ్లాటు ప్లాన్లనే లేదు. లోన్ కాదు."

గురుడూ శుక్రుడూ సహకరించారు గానీ మున్సిపాలిటీ సహకరించలేదన్నమాట.

ఆ ఆరో అంతస్తులోనే పని చేయిస్తున్న బిల్డరు దగ్గరికి ఇద్దరం పరిగెత్తాం. ఆయన నింపాదిగా, "ఆ బ్యాంకు కాకపోతే ఇంకోటండి. మేడెక్కి చూడనివాళ్ళ దగ్గర నేనిప్పిస్తాను. ఫ్లాటు రేటూ తగ్గిస్తానండి" అన్నాడు.

రేటు తగ్గింపు అనగానే మా ఆయన కళ్ళు మెరిశాయి. నావైపు చూశారు. నేను ఊఁ అంటే ఆ వంటిల్లు నాదే. రేపెవరైనా వచ్చి ఆ అంతస్తు కూలగొడితే అప్పు మాత్రం మాదే.

"వద్దండి" అన్నాను.

లిఫ్టులో ఏడుపు ఆగలేదు. "పోనీలే, పదిహేను వేలకి అంత ఏడుపెందుకు" అని ఆయన ఓదార్చారు. ఫీజు సంగతి నాకసలు గుర్తే లేదు. ఆ కిటికీ పక్కన ఒక్క పూటైనా వండకుండానే దిగి వచ్చేస్తున్నాను.