నేను చూడని గుర్తులు

నా మనవరాలు బీచ్‌లో టూరిస్టులకు కయాక్ నేర్పే పని చేస్తుంది. కయాక్ అంటే ఒక మనిషి కూర్చుని తెడ్డు వేసుకునే సన్నని పడవ. రోజూ తెల్లవారగానే పనికి ముందు తానొక్కతే సముద్రంలోకి దూరంగా వెళ్లి వస్తుంది. దారి ఫోనులో చూసుకునేది. కిందటి చలికాలం ఆ ఫోను నీళ్లలో పడి పాడైంది. దాని బదులు, తడిసినా చెడని జీపీఎస్ యంత్రం కొంటానంది.

నాకు ఒళ్లు మండింది. మూడో తరగతితో బడి మానేసి, జాలరిపేటలో చేపలమ్మి సంసారం ఈదినదాన్ని. ఊరికే కొనడం నాకు గిట్టదు.

"మీ తాత ఏ యంత్రం పెట్టుకుని సేపల ఏటకెల్లీవోడే? నీళ్లలోంచి ఒడ్డుకేసి సూత్తే కొండలో నొక్కు ఉంటాది. దాని కిందికి తెల్ల నీళ్లట్యాంకు ఒచ్చిందంటే మన పేటకి ఎదురుగా ఉన్నట్టు. ట్యాంకు ఎడంపక్కకి జారితే నీళ్లు నిన్ను ఉత్తరానికి లాగేత్తన్నట్టు. అంతే."

ఆమె శ్రద్ధగా విన్నది. యంత్రం కొనలేదు.

వారం తిరక్కుండా ఒక రోజు, ఏడింటికి రావలసిన పిల్ల తొమ్మిదైనా రాలేదు. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. వలలు బాగుచేసుకుంటున్న మా మరిది దగ్గరికి పరుగెత్తాను.

"ఏ గురుతు సెప్పినావు ఒదినా?"

చెప్పాను. అతను వల పక్కన పడేసి లేచాడు.

"ఆ ట్యాంకుకి అడ్డంగా, ఉత్తరంపక్కకి అపార్ట్‌మెంట్ లేచిపోనాది గదా. దాని నెత్తిన కూడా తెల్ల ట్యాంకే. పిల్ల దాన్నే సూసి మన పేటనుకుని ఉత్తరానికి పోయుంటాది. మేవే జీపీఎస్ సూసుకుని ఒత్తన్నాం."

"మరి నాకు సెప్పలేదేటి?"

"నువ్వు పడవెక్కుతావేటి, సెప్పడానికి?"

నిజమే. మా పేటలో ఆడవాళ్లం వేట పడవ ఎక్కం. ఒడ్డు నీళ్లలోంచి ఎలా కనిపిస్తుందో నాకు ఈ వయసు వరకూ తెలియదు. మా ఆయన అన్నం తింటూ చెప్పిన మాటలు అవి.

మరిది మోటారు పడవ తీసుకుని వెళ్లాడు. ఉత్తరాన ఋషికొండ దాటాక దొరికిందట. ఎండ ఎక్కాక తెచ్చాడు. తెడ్డు వేసి వేసి పిల్ల అరచేతుల్లో తోలు ఊడిపోయింది. పెదవులు తెల్లబడ్డాయి. నీళ్లు తాగి నా వైపు చూసింది.

"నానమ్మా, ఆ గురుతు నువ్వెప్పుడైనా సూసావేటి?"

"లేదు."

"ఆ ముక్క ముందే సెప్పొచ్చు గదా."

ఒక్క ముక్కే. అది చెప్పి ఉంటే పోయి వాళ్ల చిన్నతాతను అడిగి ఉండేది. నేను చూసినదానిలా, గద్దించి మరీ చెప్పాను.

ఇప్పుడు యంత్రం పెట్టుకునే వెళ్తుంది. వెళ్లే ముందు చిన్నతాత దగ్గర ఆగి, గాలి ఎటుందో, కొత్తగా ఏ మేడలు లేచాయో కనుక్కుంటుంది. నేను ఆ పక్కనే చేపలబుట్ట సర్దుకుంటూ ఉంటాను. నన్ను ఏమీ అడగదు.