గేటు బయట టీ కొట్టు

అంతర్జాతీయ ఓడల్లో పనిచేసేవారి ఉద్యోగ నిబంధనలు రూపొందించే కార్యాలయంలో ఆమెను చాటుగా అందరూ 'సీఐడీ అత్తయ్య' అంటారు. ఎవరైనా సమస్యలేవీ లేవన్నారంటే చాలు, కళ్ళజోడు తీసి నెమ్మదిగా తుడవడం మొదలుపెడుతుంది. తుడుస్తున్నంతసేపూ ఎదుటి ముఖాన్ని వదలదు. రేవులో ఓడ ఆగినప్పుడు నావికులకు ఒడ్డుకు దిగే హక్కును కొత్త నిబంధనల్లో చేర్చాలా వద్దా అన్నది ఆమె తేల్చవలసి ఉంది. తామెవరినీ ఆపడం లేదు గనుక అక్కరలేదని ఓడల యజమానులు వాదించారు. ఆమె నమ్మలేదు, స్వయంగా ఒక ఓడ ఎక్కింది.

"మావాళ్ళు రోజూ ఊళ్ళోకెళ్ళి తిరిగొస్తారు మేడం," అన్నాడు కెప్టెన్.

టీ తెచ్చిన నావికుణ్ణి ఆమె మామూలుగా అడిగింది: "రేవు గేటు బయట కొట్లో టీ దీనికంటే బాగుంటుందా తమ్ముడూ?"

అతను కెప్టెన్ వంక చూశాడు. "అక్కడే బాగుంటుందండీ. రోజూ తాగుతాం."

వచ్చేటప్పుడు ఆమె చూసింది, గేటు బయట పొడవాటి గోడ తప్ప మరేమీ లేదు.

"అయితే పద, అక్కడే తాగుదాం," అంటూ ఆమె లేచింది.

"ఇప్పుడెందుకు మేడం, ఎండ మండిపోతోంది," అన్నాడు కెప్టెన్.

"నాకు అలవాటేలెండి."

నావికుడితో కలిసి ఆమె ఓడ దిగే మెట్ల దగ్గరకు చేరేసరికి వెనక బూట్ల చప్పుడయింది. పనులు వదిలి వచ్చిన నావికులు గుంపుగా నిలబడి ఉన్నారు.

"మేమూ రావచ్చా అమ్మా?" వారిలో పెద్దవాడు కెప్టెన్‌ను కాక, ఆమెను అడిగాడు.