సీసాలో అమ్మ ఎంగిలి

ఒక్కచోట కూర్చునే ఓపిక నాకు చిన్నప్పటి నుంచీ లేదు. దవాఖాన బెంచీ మీదైతే అసలే లేదు. మహబూబ్‌నగర్‌లో పళ్ళ డాక్టరమ్మ గది బయట నేను లేస్తూ, కూర్చుంటూ, లోపలికి తొంగి చూస్తూ ఉంటే, అమ్మ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కదలకుండా కూర్చునేది.

అమ్మది తిరుమలగిరి పక్క పల్లె. మా వైపు పళ్ళకు ఏమొచ్చినా నీళ్ళనే తిడతాం. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగినవాళ్ళం మరి. ఇప్పుడు ఇంటింటికీ నల్లా వచ్చినా తిట్టడం మానలేదు. చిగుళ్ళ నుంచి నెత్తురు కారుతున్నా అమ్మ ఏళ్ళ తరబడి ఆ నేరం నీళ్ళ మీదికే నెట్టింది. షాద్‌నగర్‌లో నా కిరాయి ఇంటికి వచ్చినప్పుడు జొన్నరొట్టెను చాయ్‌లో నానబెట్టుకుని తింటుంటే చూశాను. ముందు పళ్ళు కదులుతున్నాయి. కోపం వచ్చింది, భయమూ వేసింది. వద్దు మొర్రో అంటున్నా వినకుండా, మర్నాడే కంపెనీకి సెలవు పెట్టి బస్సెక్కించాను.

డాక్టరమ్మ వయసులో నాకంటే చిన్నది. రోగం చిగుళ్ళదంది. చిగుళ్ళ కింద గట్టిపడిన గారను లోపలిదాకా గీకి శుభ్రం చేస్తానంది. చిగుళ్ళు వాచితే ఆ వాపు గుర్తులు ఉమ్మిలో కూడా కనబడతాయట. గీకకముందు ఒకసారి, గీకి చిగుళ్ళు మానాక ఒకసారి ఉమ్మి పరీక్ష చేస్తారట. గుర్తులు తగ్గితే వైద్యం పట్టినట్టే. చిగుళ్ళు ఎంతకీ మానకపోతే కదిలే పళ్ళు తీసేయాల్సి వస్తుంది. అమ్మ చెవికి ఆ చివరి మాటొక్కటే ఎక్కింది. ముందు పళ్ళు పోతే నలుగురిలో నోరెట్ల తెరవాలని దారి పొడుగునా అదే రంధి.

మొదటిసారి సీసా పట్టుకుని అమ్మ ఒక్కతే బాత్‌రూంలోకి వెళ్ళి నింపుకొచ్చింది. రెండోసారి నర్సు పక్కనే నిలబడింది.

ఆ రెండో ఫలితం చూసి డాక్టరమ్మ మొహం చిట్లించింది. చిగుళ్ళు గట్టిపడ్డాయి, నెత్తురు ఆగింది, కానీ ఉమ్మిలో గుర్తులు ముందటికంటే పెరిగాయి. ఎందుకో తనకూ అర్థం కాలేదని, ఇంకోసారి అంతా చూశాకే పళ్ళ సంగతి చెబుతానని అంది. లాక్కొచ్చి గీకించింది నేనే కదా. వరండాలో ఆ కొస నుంచి ఈ కొసకు తిరిగాను. ఏమన్నా నమిలి వచ్చావా, మందులు మింగడం మానేశావా అని అమ్మను సతాయించాను.

అమ్మ కొంగు చాటు నుంచే చెప్పింది.

"మొదలు ఇచ్చినప్పుడు నల్లా నీళ్ళు కలిపిన బిడ్డా. నోరు మంచిగ పుక్కిలించి, సీసల నీళ్ళే ఎక్కువ పోసిన."

"ఎందుకమ్మా?"

"నా ఎంగిలి గా డాక్టరు పిల్ల చేతుల ఎట్ల పెట్టాలె? దొర గడీ ముంగట నడిచేటప్పుడు ఉమ్మొచ్చినా మింగేటోళ్ళం."

ఒళ్ళు మండిపోయింది, అమ్మ మీద కాదు. కోటలాంటి ఆ గడీ నేను పుట్టకముందే కూలిపోయింది. ఇప్పుడక్కడ గోడ కూడా లేదు.

లోపలికి వెళ్ళి చెప్పేశాను. డాక్టరమ్మ కసరలేదు. నీళ్ళు కలిస్తే గుర్తులు పలచబడి తక్కువగా కనబడతాయని, ఆ మొదటి పరీక్ష ఇక లెక్కలోకి రాదని చెప్పింది. కొన్నాళ్ళయ్యాక మళ్ళీ చేసి రెండోదానితో పోల్చి చూద్దామంది. ఈసారి తన ఎదురుగానే కూర్చుని ఇవ్వమంది.

మళ్ళీ వెళ్ళిన రోజు అమ్మ నోరు ఎండిపోయింది. తల వంచి, ఊరినదాన్ని ఊరినట్టే సీసాలోకి జారనివ్వాలి. కొంగు మాటిమాటికీ పైకి వస్తోంది. డాక్టరమ్మ తొందరపెట్టలేదు. చివరికి కొంగు ఒళ్ళో పడింది. సీసా నిండాక అమ్మ దాన్ని బయటంతా తుడిచి ఇస్తూ, పారబోస్తరా అని అడిగింది. పారబోయం, మంచు పెట్టెలో భద్రంగా దాచి పరీక్షకు పంపుతామని డాక్టరమ్మ చెప్పింది.

గుర్తులు తగ్గాయని, పళ్ళు ఉంచుకోవచ్చని తర్వాత ఫోనులో తెలిసింది. అమ్మ ఆ కబురు దాకా ఆగలేదు. సీసా ఇచ్చిన సాయంత్రమే బస్సులో పక్క సీటామెకు నోరంతా తెరిచి చెప్పింది.

"నా ఎంగిలిని మంచుల పెట్టి దాసిన్రు."

షాద్‌నగర్ దాకా అదే ముచ్చట. నేను కదలకుండా కూర్చుని విన్నాను.