ఈబూది కాదు, బూడిదే

బూడిద అనే మాటకు నేను సిగ్గుపడను. ఎనభైల మొదట్లో ఆ మాట దాచనన్నందుకే నా ఉద్యోగం ఊడినంత పనయింది.

అప్పుడు నేను ఏర్పేడు వైపు రోడ్డు పనుల్లో సూపర్‌వైజర్ని. చేతిలో డిప్లొమా, కాళ్ళకు రబ్బరు చెప్పులు, ఆడపిల్ల కాంక్రీటు పోయించడానికి వచ్చిందని నవ్వేవాళ్ళు చుట్టూ. నాకు అప్పగించింది వాగు మీద చిన్న కల్వర్టు. అక్కడ నేల చౌడు. వానలు వెనకపట్టి ఎండ కాస్తే మట్టి మీద తెల్లగా ఉప్పు పొంగుతుంది. పాత కల్వర్టును ఆ ఉప్పే తినేసింది. గోడను గోటితో గీరితే పొడి రాలేది. మళ్ళీ అలాగే కడితే మళ్ళీ అదే గతి. అందుకని సిమెంటు ఐదో వంతు తగ్గించి, బొగ్గు కాల్చి కరెంటు తీసేచోట మిగిలే సన్నటి బూడిద కలపాలనుకున్నాను. అది కలిస్తే కాంక్రీటు లోపలి సందులు పూడిపోయి ఉప్పునీళ్ళు దిగవని చదువుకున్నాను. పై అధికారిని అడిగితే, "ఏదో ఒకటి చెయ్యమ్మా, నాకు పని కావాలి" అన్నాడు. కాగితం మీద మాత్రం రాసివ్వలేదు. గడుసువాడు.

మద్రాసు నుంచి లారీలో బూడిద మూటలు దిగాయి. సిమెంటు పర్మిట్ల కోసం జనం కాళ్ళరిగేలా తిరుగుతున్న రోజులవి. సిమెంటు మిగిల్చి బూడిద పోస్తే ఊరు ఏమంటుందో మా మేస్త్రీ ముందే పసిగట్టాడు. ముసలాయన, నోట్లో ఎప్పుడూ వక్కాకు. ఎవరడిగినా, "శ్రీకాళహస్తి ఈబూది కలపతాండాము, గట్టిగా ఉంటాది" అని చెప్పేశాడు. ఇంకేం! చూడవచ్చిన అవ్వ ఒకామె మూటలో వేలు పెట్టి, కళ్ళు మూసుకుని విభూతిలా నుదుటికి పూసుకుంది.

నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందప్పా ఇది? బూడిదని పట్టుకొని ఈబూది అంటావా?"

"ఊరుకోమ్మా. బూడిదంటే దొంగతనమంటారు."

"అననీ! నేనేమన్నా దొంగిలించినానా? బూడిదనే చెప్పు."

చెప్పాడు. రెండు రోజుల్లో ఊరంతా ఒకటే మాట: "ఆయమ్మ సిమెంటు అమ్ముకొని బూడిద పోస్తాండాది." మిగిలిన సిమెంటు షెడ్డులోనే ఉంది, తాళంచెవి మేస్త్రీ మొలతాడుకే వేలాడుతోంది. చూసేవాడెవడు?

గోడ పోసిన ఏడో రోజు అధికారి జీపు దిగాడు. మా పనుల దగ్గర పరీక్ష అంటే ఇనప మేకు. ఏడో రోజున గోడ మీద గీస్తారు. గీత పడకపోతే పాసు. ఆయన గీశాడు. గీత పడింది, లోతుగానే పడింది.

"రేపటికల్లా పగలగొట్టించు. నీ సంగతి తర్వాత చూస్తా."

"సార్, బూడిద కలిపింది నిదానంగా గట్టిపడుతుంది. ఇరవై ఎనిమిది రోజులు ఆగండి."

"గట్టిపడకపోతే?"

"గడ్డపార నేనే పడతాను. రాజీనామా ఇచ్చి ఇంటికి పోతాను. అందాకా ఎవరు గడ్డపార ఎత్తినా ముందు నన్ను దాటాలి."

అనేసి గోడెక్కి కూర్చున్నాను. ఆయన మేకు అక్కడే విసిరేసి జీపెక్కాడు. దాన్ని ఏరి కొంగున ముడేసుకున్నాను.

మామూలు కాంక్రీటును వారం తడిపి వదిలేసేవాళ్ళు. దీన్ని ఎక్కువ రోజులు తడపాలి. వాగు నీళ్ళు ఉప్పు, మంచినీళ్ళ బావి అర మైలు. గోనెపట్టాలు కప్పి మూడు వారాలు నీళ్ళు మోశాం. కూలీలు రామని మొండికేసిన రోజు నేనే బిందె ఎత్తాను. రెండో బిందె మేస్త్రీ ఎత్తాడు, గొణుక్కుంటూ.

"ఈబూది కాదంటివి. అభిషేకం మాత్రం సేపిస్తాండావు కదమ్మా!"

ఇరవై ఎనిమిదో రోజు కొంగుముడి విప్పి, "ఇదిగో సార్, మీ మేకు" అన్నాను. ఆయన గీశాడు. జారింది. పళ్ళు బిగించి మళ్ళీ గీశాడు. మేకు మొన వంగింది. దాన్ని నా చేతిలో పడేశాడు.

"సరేలే. రికార్డులో మాత్రం బూడిద అని రాయకు, పైనుంచి ప్రశ్నలొస్తాయి. సిమెంటు అని రాసెయ్."

"బూడిదనే రాస్తాను సార్."

ఆయన కళ్ళ ముందే రాశాను. నెల తిరక్కుండా నాకు మదనపల్లెకు బదిలీ అయింది. ఏడుపొచ్చింది, కోపంతో.

వెళ్ళే రోజు ఆ మేకు మొన సరిచేసి పట్టుకుని కల్వర్టు దగ్గరికి పోయాను. ఏడో రోజు ఆయన గీసిన గీత పక్కనే 'బూడిద' అని చెక్కి పోవాలని పంతం. బలమంతా పెట్టి గీశాను. 'బూ'లో ఒక్క గీత కూడా పడలేదు. వెనకనుంచి మేస్త్రీ పకపకా నవ్వాడు.

"పచ్చిగా ఉన్నప్పుడే రాసుకోవల్లమ్మా. ఇంగ అది నీ మాట కూడా ఇనదు."

అంత సంతోషం నాకు ఏ ప్రమోషనూ ఇవ్వలేదు. మేకును వాగులోకి విసిరేసి బస్సెక్కాను.